ముఖం మారిన హెచ్‌ఎంటీ గడియారానికి అసలు రూపం తెచ్చే విధానం

ఖరీదైన విదేశీ గడియారాల నకళ్లను కొని, వాటి ముళ్లు, అద్దం, కీ మార్చి, అసలుదానికి వీలైనంత దగ్గరగా కనిపించేలా చేయాలనే సరదా మన వైపు యువకులలో కూడా కనిపిస్తున్నది. నన్ను ఆ పని గురించి అడిగినవారికి నేను చెప్పేది ఒక్కటే. నకలు గడియారంలో ముఖం నుండి మిషను దాకా ఏదీ ఆ కంపెనీది కాదు కాబట్టి, ఎంత డబ్బు పోసి ఎన్ని భాగాలు మార్చినా అది నకలుగానే మిగులుతుంది. పైగా అసలుది కాని వస్తువు మీద మరొకరి గుర్తు వేయడం 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోని 103వ సెక్షన్ కింద, అలాంటి వస్తువును అమ్మడం 104వ సెక్షన్ కింద నేరం. వీటికి ఆరు నెలల నుండి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అదే ఓపికను, అదే చేతి పనిని మన ఇళ్లలో బీరువా అరల్లో పడి ఉన్న పాత హెచ్‌ఎంటీ గడియారాల మీద పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. వాటి ముఖం ఎవరో మార్చి ఉండవచ్చు, ముళ్లు మరొకదానివి కావచ్చు, కానీ లోపలి మిషను చాలావరకు అసలుదే. దాని మీద పడే ప్రతి గంట పనీ అసలు రూపం వైపే నడుస్తుంది.

హెచ్‌ఎంటీ, అంటే హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ, 1961లో జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. తరువాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా కర్మాగారాలు నడిచాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం గడియారాల విభాగాన్ని మూసివేయాలని నిర్ణయించింది. మా గోదావరి జిల్లాలలో ఒక తరం పాటు పెళ్లిలో అల్లుడికి పెట్టే వస్తువులలో సైకిలు, రేడియోలతో పాటు హెచ్‌ఎంటీ గడియారం ఉండేది. అందువల్ల డెల్టాలో ఏ ఊరిలో అడిగినా ఆ కంపెనీ మోడళ్లలో ఒక జనతా, ఒక పైలట్, ఒక కాంచన్ బయటపడుతుంది. అయితే ఆ విభాగం మూతపడ్డాక వీటికి గిరాకీ పెరిగి, పాడైన గడియారాలను టోకున కొని, ముఖాలకు కొత్త రంగులు వేసి, చేతికందిన ముళ్లు తగిలించి అమ్మే వ్యాపారం పుట్టింది. అటువంటి వాటిని సేకరణకర్తలు బొంబాయి సరుకు అంటారు. ఇక్కడ వివరించే పద్ధతి అటువంటి గడియారానికీ, ఇంట్లో వారసత్వంగా వచ్చి మరమ్మతులలో రూపు మారిన గడియారానికీ సమానంగా వర్తిస్తుంది.

మూత తీయకముందు చూడవలసినవి

మొదటి పని గడియారాన్ని పగటి వెలుగులో కిటికీ దగ్గర పెట్టుకొని, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ముఖాన్ని పరిశీలించడం. కర్మాగారంలో అచ్చు వేసిన అక్షరాల అంచులు గీత గీసినట్టు ఉంటాయి. తిరిగి రంగు వేసిన ముఖం మీద అక్షరాలు సిరా పీల్చిన కాగితం మీద రాతలా ఉబ్బి కనిపిస్తాయి. అంచు చుట్టూ ఉండే నిమిషాల గీతలు, లోపలి గంటల గుర్తులకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో పన్నెండు చోట్లా చూడండి. ఒక్కచోట తప్పినా రెండో చేతి పని జరిగిందనే అర్థం. ముఖం అంచున మూడు గంటల దగ్గరో మరోచోటో ఆకురాయితో చేసిన చిన్న గాటు కనిపిస్తే, అది తిరిగి అచ్చు వేసేటప్పుడు గుర్తు కోసం పెట్టుకున్నది.

జనతా ముఖం మీద కంపెనీ గుర్తు, మోడల్ పేరు, 17 జ్యువెల్స్, పారాషాక్ అనే మాటలు ఉంటాయి. జ్యువెల్స్ అంటే మిషనులో అరుగు తగ్గించడానికి పొదిగిన చిన్న రాళ్లు. పారాషాక్ అనేది గడియారం కిందపడినప్పుడు బ్యాలన్స్ చక్రపు (అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని నిలిపే చక్రం) ఇరుసు విరగకుండా కాపాడే సిటిజన్ వారి అమరిక పేరు. నకలు అచ్చులలో ఎక్కువగా తప్పు పోయేది ఈ చిన్న అక్షరాల దగ్గరే. దేవనాగరి అక్షరాలతో వచ్చిన జనతాలు కూడా నిజంగానే ఉన్నాయి కాబట్టి హిందీ రాత కనిపించగానే నకలని తీర్పు చెప్పకూడదు. పైలట్ మాత్రం నల్లటి ముఖానికి పేరు పొందినది. నిమ్మపండు రంగులోనో నారింజ రంగులోనో పైలట్ కనిపిస్తే తప్పకుండా అనుమానించాలి. నేను మొదట కొన్న పైలట్ అటువంటి పసుపు రంగుదే. పార్సిలు విప్పి అమలాపురంలో ఒక పెద్దాయన బల్ల మీద పెడితే, ఆయన కంటికి భూతద్దం కూడా పెట్టుకోకుండా, "ఆయ్, దీనికి పసుపు రాసి పెళ్లికూతుర్ని చేశారండీ" అన్నారు.

తరువాత సెకన్ల ముల్లు నడక చూడాలి. ఈ మిషన్లు గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదు సార్లు కొట్టుకుంటాయి, అందువల్ల ముల్లు చిన్న చిన్న అడుగులతో జారుతున్నట్టు కదులుతుంది. కీ ఇచ్చే మోడల్ అని చెప్పి అమ్మిన గడియారంలో ముల్లు సెకనుకు ఒక్కసారి గెంతితే లోపల బ్యాటరీ మిషను పెట్టారని గ్రహించి, అక్కడితో ఆ గడియారం మీద పని ఆపేయడం మంచిది.

పని చోటు, పనిముట్లు

డెల్టాలో ఈ పనికి పెద్ద శత్రువు చెమట. వేసవిలో పట్టపగలు మూత తీస్తే నుదుటి మీది చుక్క సరిగ్గా ముఖం మీదే పడుతుంది. పంకా వేసుకుంటే దుమ్ము చేరడమే కాక, ఆవగింజలో పావు వంతు ఉండే స్క్రూలు ఎగిరిపోతాయి. తెల్లవారుజామున, పంకా ఆపి, గట్టున్న పళ్లెంలో తెల్లకాగితం పరచుకొని కూర్చోవాలి. ఒడిలో ఒక తువ్వాలు పరచుకొని దాని రెండో అంచు బల్లకు కట్టుకుంటే జారిన భాగం నేల మీదకు పోదు. ఈ కిటుకు నాకు ఒక కంసాలి చెప్పారు, బంగారం పొడి పోకుండా వాళ్లు చేసే ఏర్పాటు ఇది.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. సన్నని మొన ఉన్న శ్రావణం ఒకటి, చిన్న స్క్రూడ్రైవర్లు మూడు సైజులవి, మూత తీసే మొద్దు కత్తి, ముళ్లు ఊడదీసే పనిముట్టు, రబ్బరు బుడ్డి ఊదుడు గొట్టం, భూతద్దం సరిపోతాయి. మెడికల్ షాపులో దొరికే పలుచని రబ్బరు చేతి తొడుగుల వేళ్లను కత్తిరించి బొటనవేలికి, చూపుడు వేలికి తొడుక్కోండి. చెమట వేలిముద్ర వెండి రంగు ముఖం మీద పడితే నెల తిరిగేసరికి గోధుమరంగు మచ్చగా తేలుతుంది, దానికి మందు లేదు.

మూత తీయడం, మిషను చదవడం

జనతా వంటి వాటి వెనక మూత నొక్కితే బిగుసుకునే రకం. అంచు చుట్టూ గోటితో తడిమితే ఒకచోట చిన్న పెదవి తగులుతుంది. అక్కడ మొద్దు కత్తి ఆనించి మెల్లగా తిప్పాలి, పొడవకూడదు. కత్తి జారితే బ్యాలన్స్ చక్రం మీదకే వెళ్తుంది. మూత వచ్చాక ముందుగా దాని లోపలి వైపు చూడండి. మరమ్మతు చేసిన ప్రతివారూ సూదిమొనతో తేదీయో, తమ గుర్తో గీసే అలవాటు ఉండేది. మా మేనమామ గారి జనతా మూతలో అటువంటి గీతలు నాలుగు ఉన్నాయి. వాటిలో చివరిది 1996 డిసెంబరుది, అంటే ఆ ఏడాది నవంబరు 6న కోనసీమను ముంచిన తుపానులో నీళ్లు తాగాక జరిగిన మరమ్మతు అన్నమాట. ముల్లు ఎప్పుడు మారిందో, కీ ఎందుకు కొత్తదిగా ఉందో ఆ ఒక్క గీత చెప్పింది.

ఇప్పుడు మిషను చూడండి. దాని మీద హెచ్‌ఎంటీ గుర్తు, జ్యువెల్స్ సంఖ్య, క్యాలిబర్ సంఖ్య, అంటే మిషను రకాన్ని తెలిపే అంకె, చెక్కి ఉండాలి. చేతితో కీ ఇచ్చే పురుషుల మోడళ్లలో విరివిగా కనిపించేది 0231. మిషను కేసులో వదులుగా ఉండి, చుట్టూ ప్లాస్టిక్ వలయమో మడిచిన కాగితమో కుక్కి ఉంటే, అది మరో కేసు నుండి వచ్చి చేరిందని అర్థం. రెండు పలకల రంగు వేరువేరుగా ఉంటే రెండు మిషన్లను కలిపి ఒకటి చేశారన్నమాట. ఇదేమంత ఘోరం కాదు. ఒకే క్యాలిబర్ భాగాలైతే అవి కంపెనీవే, మన పాత మెకానిక్కులు అలాగే ఎన్నో గడియారాలను బతికించారు. తుప్పు ఎక్కడుందో చూడటం ఇంతకంటే ముఖ్యం. నీరు సాధారణంగా కీ రంధ్రం గుండా వస్తుంది కనుక కీ కాడ, దాని పక్కనున్న మీటలు ముందుగా ఎర్రబడతాయి. తుప్పు అక్కడితో ఆగితే పని తేలిక. బ్యాలన్స్ కింది సన్నని తలవెంట్రుక స్ప్రింగు మీద ఎర్ర చుక్క కనిపిస్తే ఆ బ్యాలన్స్ మొత్తం మార్చవలసి ఉంటుంది.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఎక్కువమంది గడియారాన్ని పాడుచేసేది ఈ మెట్టు మీదే. అసలు రూపం అంటే కొత్త రూపం కాదు. యాభై ఏళ్ల గడియారం ముఖం మీద గోధుమరంగు నీడ, అద్దం అంచున పసుపు, బెల్టు తగిలించే కేసు చెవుల దగ్గర అరుగు సహజంగా ఉంటాయి. అచ్చు చెదరని పాత ముఖం ఎంత మచ్చపడినా, మెరిసే కొత్త అచ్చు ముఖం కంటే అసలుకు దగ్గరగా ఉన్నట్టే లెక్క. కాబట్టి మీ గడియారానికి కంపెనీ ముఖమే ఉండి, అది కేవలం మచ్చలు పడినదైతే దాన్ని మార్చవద్దు, రంగు వేయించవద్దు. ముఖానికి తిరిగి రంగు వేసి ఉంటే మాత్రం, రంగు గీకితే లోపల అసలుది దొరుకుతుందేమోనన్న ఆశ పెట్టుకోకండి. మళ్లీ అచ్చు వేసేవారు పాతదాన్ని ముందే లోహం దాకా తోమేస్తారు. అటువంటప్పుడు చేయగలిగింది ఒకే ఒకటి, అదే మోడల్‌కు చెందిన పాత అసలు ముఖాన్ని వెతికి తేవడం.

వెతకడానికి ముందు పోలిక కోసం ఒక నమూనా కావాలి. జనతాకే ఏళ్ల తరబడి రకరకాల ముఖాలు, ముళ్లు వచ్చాయి కాబట్టి ఒక్క ఫొటో చూసి ఇదే అసలుదని నిర్ణయించకూడదు. కొన్నవారి చేతిలోనే, ఆ ఇంట్లోనే ఉండిపోయిన గడియారాలను మూడు నాలుగింటిని చూసి, ఎదురుగా నిలబడి ఫొటోలు తీసుకోండి. పెన్షనర్ల సంఘాలు, రిటైరైన ఉపాధ్యాయులు, పాత రైసుమిల్లు గుమాస్తాలు ఇందుకు మంచి ఆధారాలు. పదవీ విరమణ నాడు పేరు, తేదీ చెక్కి ఇచ్చిన గడియారం దొరికితే మరీ మంచిది, ఆ తేదీకి ముందటి రూపమేదో సందేహం లేకుండా తెలుస్తుంది. ముఖం, ముళ్ల ఆకారం, ముళ్ల పొడవు, కీ మీద గుర్తు ఉందా లేదా, అద్దం చదునుగా ఉందా గుబ్బగా ఉందా అనే ఐదు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. నిమిషాల ముల్లు కొన నిమిషాల గీతలను తాకుతూ ఉండటం మంచి గుర్తు. దానికి బాగా లోపలే ఆగిపోతే ఆ ముల్లు మరో గడియారానిది కావచ్చు.

భాగాలు దొరికే చోటు పాత మెకానిక్కుల డబ్బాలు. రాజమహేంద్రవరం, కాకినాడ, పాలకొల్లు, భీమవరం, తణుకు ఎక్కడైనా సరే, మొబైల్ ఫోన్ల దుకాణాల మధ్య ఇరుక్కుని మూడడుగుల బల్ల ముందు కూర్చున్న పెద్దాయన ఒకరు ఉంటారు. ఆయన సొరుగులో పొడుం డబ్బాలలోనూ, మాత్రల సీసాలలోనూ ముఖాలు, ముళ్లు, ఆగిపోయిన మిషన్లు ఉంటాయి. వెళ్లగానే "జనతా డయల్ ఉందా" అని అడిగితే లేదనే చెబుతారు. ముందు మీ గడియారం ఆయన చేతిలో పెట్టి, దీనికి ఏం జరిగిందో చెప్పమనండి, టీ తెప్పించండి, తొందరపడకండి. రెండోసారి వెళ్లినప్పుడు డబ్బా దానంతటదే బయటికి వస్తుంది. విడి ముఖం కన్నా, నడవకపోయినా సరే, అదే మోడల్ గడియారాన్ని మొత్తంగా కొనడం మేలని నా అనుభవం. ముఖం, ముళ్లు, కీ, స్క్రూలు ఒకే కాలానివి ఒకే చోట దొరుకుతాయి.

కొనేముందు ముఖాన్ని తిప్పి వెనక వైపు చూడటం మరువకండి. ముఖానికి వెనక రెండు చిన్న కాళ్లు ఉంటాయి, అవి మిషను పలకలోని రంధ్రాలలో దిగుతాయి. కాళ్లు కత్తిరించి ఉంటే ఆ ముఖం మరో రకం మిషను మీద జిగురుతో అంటించి వాడినదని తెలుస్తుంది. అసలు ముఖమైనా సరే, కాళ్లు లేనిదాన్ని నేను కొనను.

ముళ్లు, ముఖం విప్పడం

కీని బయటకు లాగి, మిషను మీద కీ కాడ పక్కనున్న చిన్న స్క్రూను ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేస్తే కాడ బయటికి వస్తుంది. కొన్ని మిషన్లలో స్క్రూకు బదులు నొక్కే బొడిపె ఉంటుంది. స్క్రూను పూర్తిగా తీసేస్తే ముఖం కింద మీట ఊడిపోయి, తిరిగి బిగించడానికి అంతా విప్పవలసి వస్తుంది. మిషను బయటికి వచ్చాక, కాడను తిరిగి దూర్చి మూడు ముళ్లనూ ఒకే గీతలోకి తెచ్చి, ముఖం మీద పలుచని ప్లాస్టిక్ కాగితం చీల్చి పరచి, దాని మీదుగా ముళ్లు తీసే పనిముట్టును ఆనించి నిటారుగా లేపాలి. ఆ ప్లాస్టిక్ లేకపోతే మధ్య రంధ్రం చుట్టూ గీత పడటం ఖాయం. మిషను అంచున ముఖం కాళ్లను పట్టుకొని ఉండే రెండు చిన్న స్క్రూలను రెండేసి చుట్లు వదులు చేస్తే ముఖం దానంతట అది లేస్తుంది. లేవకపోతే గోరు పెట్టి ఎత్తకండి, స్క్రూ ఇంకా పట్టుకొని ఉందని తెలుసుకోండి.

ముఖం శుభ్రం చేసేటప్పుడు నీరు, సబ్బు, స్పిరిట్, నోటి తడి ఏదీ వాడకూడదు. నేను ఒకసారి మంచి కాంచన్ ముఖాన్ని తడి దూదితో ఒక్కసారి తుడిచాను. మచ్చ పోలేదు గాని, కంపెనీ పేరు దూదికి అంటుకొని వచ్చింది. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, గడియారాల పనివారు వాడే మెత్తటి ముద్ద జిగురును అద్ది ఎత్తడం తప్ప మరేమీ చేయవద్దు. రాత్రి మెరిసే పూతను మనం వాడుకలో రేడియం అంటాం. చాలా పాత స్విస్ గడియారాలలో అది నిజంగానే రేడియం కావడం వల్ల, గడియారం ఏదైనా ఆ పూతను గీకడం, ఊదడం మానుకోవడం ఉత్తమం. హెచ్‌ఎంటీ పైలట్‌లో ముఖం మీది పూత గోధుమరంగుకు తిరిగి, ముళ్ల మీది పూత సున్నంలా తెల్లగా ఉంటే ముళ్లు తరువాత వచ్చినవని గ్రహించి, అదే రంగుకు తిరిగిన పాత ముళ్లు వెతకాలి. కొత్త పూతను కాఫీతోనో టీతోనో ముదురు చేసే చిట్కాలు కొందరు చెబుతారు. అది పాతదనాన్ని నటించడమే కనుక నేను చేయను.

మిషను పని

ఈ మెట్టును మెకానిక్కుకు అప్పగించమని నా సలహా. మిషనును విప్పి, కడిగి, నూనె వేసే పని పుస్తకం చదివి వచ్చేది కాదు. అయితే ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి. మా వైపు కొందరు మిషనును మొత్తంగా పెట్రోలులో ముంచి తీసి, ఎండబెట్టి ఇచ్చేస్తారు. అలా చేస్తే పాత నూనె కరిగి మూలల్లోనే పేరుకుంటుంది. చక్రాలన్నీ విడదీసి కడగమని ముందే చెప్పాలి. స్పిరిట్‌లో మాత్రం యాంకర్‌ను (చక్రాల పరుగును ఒక్కో పన్నుగా వదిలే చిన్న మీట), బ్యాలన్స్‌ను నానబెట్టకూడదు, ఎందుకంటే అక్కడి రాళ్లను పట్టి ఉంచేది లక్క, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. కుట్టుమిషను నూనె గాని, కొబ్బరినూనె గాని ఒక్క చుక్క కూడా పడకూడదు.

గడియారం ఒక్కసారిగా రోజుకు పదేసి నిమిషాలు ముందుకు పరుగెడుతుంటే మరమ్మతుకు ముందే అయస్కాంతం సంగతి చూడండి. ఫోను కవరులోని అయస్కాంతం, లౌడ్‌స్పీకరు దగ్గర ఉంచడం వంటి వాటి వల్ల తలవెంట్రుక స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. చిన్న డీమాగ్నెటైజర్ పెట్టెతో నిమిషంలో తీరే జబ్బుకు మిషనంతా విప్పించుకున్నవారిని చూశాను.

కేసు, అద్దం

అద్దం గాజు కాదు, అక్రిలిక్. పైపై గీతలైతే టూత్‌పేస్టును మెత్తటి బట్టకు అద్ది, గుండ్రంగా పది నిమిషాలు రుద్దితే చాలావరకు పోతాయి. ఈ పని మిషను కేసులో లేనప్పుడే చేయాలి. పగులు ఉంటే మార్చక తప్పదు. వెర్నియర్‌తో కొలిచి కొనండి, మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా గాలి దూరుతుంది లేదా అద్దం పగులుతుంది.

కేసును యంత్రం మీద పాలిష్ పట్టించవద్దు. హెచ్‌ఎంటీ కేసులలో చాలావాటికి ఇత్తడి మీద క్రోమియం పూతో బంగారు పూతో ఉంటుంది, మూత మాత్రమే స్టెయిన్‌లెస్ స్టీలు. వెనక మూత మీద రాసి ఉన్నదాన్ని చదివితే ఈ సంగతి తెలుస్తుంది. చక్రం మీద పెట్టిన అర నిమిషంలో పూత లేచి ఇత్తడి బయటపడుతుంది, చెవుల పదునైన అంచులు పులుసులో ఉడికిన వంకాయ ముక్కల్లా గుండ్రబడతాయి. మెత్తటి పళ్ల కుంచె, గోరువెచ్చని సబ్బునీటితో మురికి వదిలించి, పూర్తిగా ఆరబెట్టడం చాలు. యాభై ఏళ్ల చేతి మురికి పోతేనే సగం రూపం తిరిగి వస్తుంది.

తిరిగి కూర్చడం

ముఖం కాళ్లు రంధ్రాలలో దిగాక పక్క స్క్రూలను బిగించండి. గంటల ముల్లును ముందు, తరువాత నిమిషాల ముల్లును సరిగ్గా పన్నెండు మీద నిలిపి నొక్కాలి. కీతో తిప్పుతూ మూడు, ఆరు, తొమ్మిది దగ్గర గంటల ముల్లు గుర్తు మీదే నిలుస్తున్నదో లేదో చూసుకోండి. పక్కనుండి కంటి ఎత్తున పెట్టుకొని చూస్తే మూడు ముళ్ల మధ్యా, వాటికీ ముఖానికీ మధ్య సన్నని వెలుగు కనిపించాలి. సెకన్ల ముల్లు అన్నిటికంటే కష్టం. దాని గొట్టం రంధ్రం సూదిమొనంత కాబట్టి ఊపిరి బిగబట్టి, కాడ మీద నిలిచిందని తెలిశాకే నొక్కాలి. నొక్కకుండానే జారిపోతుంటే ఆ ముల్లు ఈ క్యాలిబర్‌ది కాదు. జిగురు పెట్టాలన్న ఆలోచన వస్తే ఆ రోజుకు పని ఆపేయండి.

కేసులో అమర్చాక ఉదయం పూట, బిగుసుకుంటున్నట్టు వేలికి తెలిసేవరకు కీ ఇచ్చి, ఫోనులో గడియారం చప్పుడు విని వేగం లెక్కగట్టే యాప్‌తో చూడండి. నిండుగా కీ ఇచ్చి ముఖం పైకి పెట్టినప్పుడు బ్యాలన్స్ ఊపు 250 డిగ్రీలకు పైగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 200 కన్నా తక్కువైతే మెకానిక్కు దగ్గరకు మళ్లీ వెళ్లవలసిందే. ఈ వయసు గడియారం రోజుకు అర నిమిషం అటూ ఇటూ పోతే నేను దాని జోలికి పోను.

బెల్టు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చెవుల మధ్య కొలిచి, ఆ కొలతకు తగిన సాదా తోలుబెల్టు పెట్టండి. మందమైన, తెల్ల దారం కుట్ల బెల్టులు ఈ గడియారాలకు నప్పవు.

డెల్టా గాలిలో దాచుకోవడం

అంతర్వేది, ఉప్పాడ, యానాం వైపు ఉప్పుగాలికి మూత అంచులు మూడేళ్లలో ఎర్రబడటం చూశాను. చెరువుల మీద పనిచేసేవారు వీటిని పనిలో కట్టుకోకపోవడమే మంచిది, ఎందుకంటే ఇవి నీటిని ఆపగల గడియారాలు కావు. ఒకవేళ తడిస్తే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది బియ్యం డబ్బా. బియ్యంలో ఉండే తవుడు దుమ్ము కీ రంధ్రంలోకి చేరుతుంది గాని, లోపలి నీరు బయటికి రాదు. చేయవలసింది వెంటనే మూత తీసి, కీ లాగి ఉంచి, బోర్లా పెట్టి, అదే రోజు మెకానిక్కుకు చేర్చడం. వాడనప్పుడు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పది రోజులకోసారి కీ ఇవ్వండి.

చివరగా ఒక చీటీ రాసి ఆ డబ్బాలోనే పెట్టండి. ముఖం ఎక్కడిది, ముళ్లు ఏ గడియారం నుండి తీసినవి, అద్దం ఎప్పుడు మార్చారు, మిషను ఎవరు కడిగారు, తీసేసిన పాత భాగాలు ఏమయ్యాయి అనే వివరాలు తేదీలతో సహా ఉండాలి. తీసేసిన నకలు ముఖాన్ని కూడా పారేయకుండా కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. ఎప్పుడైనా గడియారాన్ని అమ్మవలసి వస్తే ఆ చీటీని కొనేవారి చేతికి ముందు ఇచ్చి, తరువాత ధర మాట్లాడండి. మార్చిన భాగాలున్న గడియారాన్ని మార్పులేనిదని చెప్పి అమ్మితే, మొదటి పేరాలో చెప్పిన నకలు వ్యాపారికీ మనకూ తేడా ఉండదు.

మొదటి వర్షాకాలం దాటాక, గాలి పొడిబారినప్పుడు ఒక్కసారి వెనక మూత తీసి కీ కాడ వైపు భూతద్దంతో చూడండి. అక్కడ ఎరుపు లేకపోతే మూత బాగా పట్టిందన్నమాట, మళ్లీ నాలుగేళ్ల దాకా దాన్ని తీయనక్కరలేదు.